నాలుగో టికెట్టు

నేను ఒక ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌ని. తెల్లటి ఒళ్లు, నడుం చుట్టూ గులాబీ పువ్వుల తీగ, ఒకప్పుడు గాజు మూత, ఆ మూత అంచున ఒక బీట. నా కథ విని మీరు అయ్యో పాపం అనాల్సిన పనేం లేదు. జాలి కోసం చెప్పడం లేదు. ఒళ్లు మండి చెబుతున్నాను.

పుట్టింది కోయంబత్తూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. అల్యూమినియం బిళ్లని మెషీన్ కింద పెట్టి ఒక్క పోటు పొడిస్తే నా లోపలి గిన్నె తయారైంది. అడుగున కాయిల్ బిగించినామె సాయంత్రం బస్సు తప్పిపోతుందన్న తొందరలో ఒక స్క్రూ వంకరగా తిప్పింది. అందుకే నేనెప్పుడూ కాస్త ఒక పక్కకి ఒరిగి కూర్చుంటాను. అంతకు మించి నా పుట్టుకలో విశేషం లేదు.

గుంటూరులో ఒక మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ నన్ను కొన్నాడు. బ్రహ్మచారి గది. పొద్దున అన్నం, రాత్రికి అదే అన్నం, రెండు పూటలా ఆవకాయ. మంచివాడే కానీ, గిన్నె కడగడమంటే నీళ్లు పోసి మంచం కిందికి తోయడం అనుకునేవాడు. పెళ్లయ్యాక కొత్త పెళ్లికూతురు నా మూత తీసి వాసన చూసి, మూత పెట్టేసి, మొగుడి మొహంలోకి చూసింది. ఆ సాయంత్రమే నేను అతని స్నేహితుడు పానకాలరావు స్కూటర్ మీద నరసరావుపేట చేరాను. పానకాలరావుకి అక్కడ ఎరువుల కొట్టుంది. ఊరికే వచ్చేదైతే వంగిన మేకుని కూడా వదలడు.

ఆ ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉంది, కూత పెట్టే కుక్కర్లు ఉన్నాయి. నా అవసరం ఎవరికీ లేదు. అటకెక్కించారు. హాయిగా ఉండేది. ఒక వేసవిలో ఊటీ ప్రయాణం కట్టేదాకా.

"నాయనకి బయటి తిండి పడదు గదా, ఎట్టా?" అని పానకాలరావు తల గోక్కుని, అంతలోనే మొహం వెలిగించుకున్నాడు. "కుక్కరుందిగా!"

అంతే. ఆ రోజు నుంచి నేను టూర్ల కుక్కర్‌ని. ఊటీలో వండాను, కొడైకెనాల్‌లో వండాను, వైజాగ్‌లో సముద్రానికి వీపు పెట్టి వండాను. నేను వండానని ఊరికే అంటున్నాను. వండింది వకుళ. పానకాలరావు పెళ్లాం.

వకుళది కోనసీమ. అమలాపురం అవతల కాలవ గట్టు మీద ఊరు. బియ్యం కడుగుతూ, పప్పు ఉడికేదాకా ఎదురుచూస్తూ కూతురు ప్రణవికి ఆ కాలవ కబుర్లు చెబుతుంటే విన్నాను. పన్నెండేళ్ల పిల్ల లాకుల దగ్గర దూకితే అవతలి గట్టున తేలేదట. అన్నలు కూడా వెనకపడేవాళ్లట. పెళ్లయ్యి పల్నాడు ఎండల్లోకి వచ్చాక ఆమె ఒంటికి తగిలిన నీళ్లు బకెట్లో నీళ్లే. ఊటీలో సరస్సు చూసింది, లాడ్జీ కిటికీలోంచి. వైజాగ్‌లో సముద్రం చూసింది, చీర కుచ్చిళ్లు పట్టుకుని, అన్నం మాడుతుందేమోనని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ.

ఆమెకి నేనంటే గిట్టదు. నన్ను కడిగేటప్పుడు పీచుతో తోమే తీరులోనే తెలిసేది. ఆ కోపంలో తప్పేం లేదు. ఆమె స్థానంలో నేనుంటే నన్ను ఎప్పుడో కిటికీలోంచి విసిరేసేదాన్ని.

ప్రణవి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. కారులో హైదరాబాదు, అక్కడి నుంచి బెంగుళూరు, రెండు ఊళ్లలోనూ రెండు పెద్ద పార్కులని ప్రయాణం కట్టారు. హైదరాబాదుది చక్రాలూ, మనుషుల్ని తలకిందులు చేసే రైళ్లూ ఉండే పార్కు. బెంగుళూరుది నీళ్ల పార్కు. కెరటాలు లేచే చెరువు లాంటిది ఉంటుందని ఫోన్లో చూపించింది ప్రణవి. వకుళ ఆ వీడియోని మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టమంది. అప్పుడు మొగుడితో అంది, "ఏవండీ, నేనూ దిగుతానండి నీళ్లలో."

పానకాలరావు నవ్వాడు. "ఈ వయసులో నీకేందే?"

"నలభై ఏళ్లకి నీళ్లు కరుస్తాయా ఏంటండీ?"

"సర్లే, దిగు. ఎవరొద్దన్నారు?"

ఆ మాట పట్టుకుని ఆమె బజారుకి వెళ్లి, ఒంటి నిండా కప్పే నైలాన్ ఈత బట్టలు కొనుక్కొచ్చి, పెట్టెలో అన్నిటికంటే అడుగున, చీరల కింద దాచినట్టు పెట్టుకుంది. నన్ను మాత్రం వైరు బుట్టలో పెట్టి పైపైనే ఉంచారు. ఎప్పుడు పడితే అప్పుడు అందాలిగా.

హైదరాబాదులో లాడ్జీలో దిగగానే పానకాలరావు పెళ్లాన్ని పక్కకి పిలిచాడు. "నాయనకి ఆ చక్రాలూ గిక్రాలూ ఎందుకు? నువ్వు నాయన దగ్గరుండు. ఎట్టాగూ నీకు కళ్లు తిరుగుతయ్. బెంగుళూరులో నువ్వే దిగుదువుగాని."

ఆమె ప్రణవి వైపు చూసింది. ఆ పిల్ల అద్దం ముందు జుట్టు ముడేసుకుంటోంది. "రా అమ్మా" అంది, అద్దంలోకే చూస్తూ. మళ్లీ అనలేదు.

గదుల్లో వంట చేయకూడదని ఆ లాడ్జీలో తలుపు వెనకే రాసుంది. అందుకని నన్ను బాత్రూములో గీజరు ప్లగ్గుకి తగిలించారు. ఆ ప్లగ్గు వెతికిందీ, బకెట్టు బోర్లించి నన్ను దాని మీద కూర్చోబెట్టిందీ, వాసన బయటికి పోకుండా తలుపు సందులో తువ్వాలు కుక్కిందీ పానకాలరావే. అన్నీ అమర్చి, చేతులు దులుపుకుని, కూతుర్ని తీసుకుని పార్కుకి పోయాడు. తడి నేల మీద, చెప్పుల్లేకుండా, ఆ ఉక్కలో పెళ్లాం కూర్చుంది. బయట మంచం మీద మామగారు కోటయ్య టీవీ చూస్తున్నాడు.

"ఉడికిందా అమ్మా?"

"ఉడుకుతోందండి మావయ్య గారూ."

"కందిపప్పు మెత్తగా ఉండాల. మొన్న పలుకుగా ఉంది."

రెండో వాయి పప్పు పెట్టగానే ఆ అంతస్తులో కరెంటు పోయింది. తడి తగిలి నా ప్లగ్గు చిటపటలాడింది, నేనేం చేయను? పది గదుల్లో ఏసీలు ఆగిపోయాయి. మేనేజరు పప్పు వాసన పట్టుకుని నేరుగా మా గదికే వచ్చాడు. అప్పుడే పార్కు నుంచి తండ్రీ కూతుళ్లూ మెట్లెక్కి వస్తున్నారు. వరండా నిండా జనం. మేనేజరు వకుళ మొహం మీదే చేయి ఊపుతూ అరిచాడు. "చూడ్డానికి చదువుకున్నోళ్లలాగున్నారు. బాత్రూముల వండుకుంటరామ్మా? మంటలు లేస్తే ఎవరు జిమ్మేదారు?"

ఆమె మొగుడి వైపు చూసింది. చెప్పండి అన్నట్టు.

పానకాలరావు చెప్పాడు. "ఎన్నిసార్లు మొత్తుకున్నా వినదండీ. లాడ్జీలో వంటేందే అంటానే ఉన్నా. ఈ ఆడోళ్లతో ఏగలేమండీ బాబూ."

జనం నవ్వారు. మేనేజరు కూడా మెత్తబడ్డాడు. మగాళ్లిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని కిందికి దిగిపోయారు. వకుళ తడి కాళ్లతో అలాగే నిలబడింది. చేతిలో గరిట. నా లోపల సగం ఉడికిన పప్పు. లోపల్నుంచి కోటయ్య, "కరెంటు ఎప్పుడొచ్చిద్దంట? ఆకలయితంది" అన్నాడు.

ఆ క్షణంలో నాకు కాళ్లుంటే, నేను ఎవరి మీదకి వెళ్లేదాన్నో మీకు చెప్పక్కర్లేదు.

మర్నాడు బెంగుళూరు దారి పట్టాం. వెనక సీట్లో ప్రణవికీ వకుళకీ మధ్య నన్ను పెట్టారు. కర్నూలు దాటాక హోటలు దగ్గర ఆపారు. ఆమె మొహం కడుక్కొచ్చేసరికి కోటయ్య బల్ల ముందు కూర్చుని వేడి వేడి మిరపకాయ బజ్జీ నోట్లో పెట్టుకుని ఊదుకుంటున్నాడు. కారు అద్దం దించి ఉంది. నేనంతా చూశాను.

"మావయ్య గారూ, బయటి తిండి పడదన్నారు కదండీ?"

"ఇది తిండేంటమ్మా. బజ్జీ."

ఆయన తమాషాకి అనలేదు. నిజంగానే అన్నాడు. ఆయన లెక్కలో అన్నమే తిండి. మిగతావి గాలిలో కలిసిపోతాయి. ఇన్నేళ్లూ లాడ్జీ గదుల్లో ఆమె ఉడికించిందంతా ఆ ఒక్క బజ్జీ ముందు ఏమైపోయిందో ఆయనకి తట్టను కూడా తట్టలేదు. "ఇంకో ప్లేటు చెప్పరా" అన్నాడు కొడుకుతో. వకుళ వచ్చి కారులో కూర్చుని తలుపు వేసుకుంది. ఆ విసురుకి నా మూత ఎగిరిపడింది. మూత బీట ఆనాటిదే.

బెంగుళూరులో తెల్లవారకముందే లేపారు ఆమెని. నీళ్ల పార్కుకి తీసుకెళ్లడానికి పులిహోర, పెరుగన్నం. పులిహోర నాలో కలిపింది, పెరుగన్నం స్టీలు డబ్బాలో పెట్టింది. చేస్తున్నంతసేపూ తొందర తొందరగా చేసింది. ఈ ఒక్కటీ అయిపోతే చాలు, తర్వాత నీళ్లు. పెట్టె అడుగు నుంచి ఆ నైలాన్ బట్టలు తీసి చేతి సంచీలో పెట్టుకుంటుంటే ఆమె మొహంలో, ఆ ప్రయాణంలో మొదటిసారి, చిన్న వెలుగు చూశాను.

పార్కు గేటు దగ్గర సంచులు తనిఖీ చేసే ఆమె వైరు బుట్టలోంచి నన్ను బయటికి తీసి మూత ఎత్తింది. "ఊట లోపలికి వదలము మా. రూల్సు" అంది. ఊట అంటే వాళ్ల భాషలో భోజనం.

పానకాలరావు కాసేపు వాదించి, ఓడిపోయి, పెళ్లాం వైపు తిరిగాడు. "సరే, నువ్వు ఇయ్యి తీసుకుని కారులో కూర్చో. మధ్యాన్నం మేం బయటికొచ్చి తింటాం."

"కారులో పెట్టేసి వచ్చేస్తానండి. రెండు నిమిషాలు ఆగండి."

"ఎండకి పాడైపోద్దే. తలుపులు తీసి పెట్టుకుని నీడలో కూర్చోవాల."

"పాడైతే పారేద్దామండి. లోపల హోటళ్లున్నాయి కదా."

అప్పుడు పానకాలరావు ప్రణవి వైపు చూశాడు. ప్రణవి చెప్పుల వైపు చూసుకుంది. కోటయ్య అప్పటికే గేటు ఇనుప కడ్డీల మధ్యకి వెళ్లి నిలబడ్డాడు.

"అది కాదే" అన్నాడు పానకాలరావు. "టికెట్లు మూడే తీశాం. ఊళ్లోనే తీసేశాం ఫోన్లో. నాయన కూడా ఊరికే చూస్తానన్నాడు. సామాను దగ్గర ఎట్టాగూ ఒకరుండాల గదా, నువ్వుంటావనుకున్నా."

ఊళ్లోనే. అంటే హైదరాబాదులో 'నువ్వే దిగుదువుగాని' అని చెప్పేనాటికే. అంటే సంచీలో ఆ బట్టలు సర్దుకునేనాటికే. మూడు టికెట్లు కొట్టిన వేళ్లు ఎవరివో కూడా అర్థమైంది. ఆ ఇంట్లో ఫోన్లో అలాంటి పనులన్నీ కూతురే చేస్తుంది.

వకుళ కారు తాళం కోసం చేయి చాపింది. పానకాలరావు ఊపిరి పీల్చుకుని తాళం ఇచ్చాడు. "ఏసీ మాత్రం వేయబాక, డీజిల్ అయిపోద్ది" అన్నాడు. ముగ్గురూ లోపలికి వెళ్లిపోయారు.

కార్లు నిలిపే చోటు పెద్ద మైదానం. చెట్టన్నది లేదు. మా కారు పక్కన ఒక స్కూలు టూరు బస్సు ఆగి ఉంది. దాని నీడలో డ్రైవరు గోనె పరుచుకుని కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. కదిరి మనిషి, పేరు మహబూబ్ బాషా అని తర్వాత తెలిసింది. గోడ అవతల నుంచి నీళ్ల చప్పుడూ, జనం కేకలూ వినిపిస్తున్నాయి. వకుళ నన్ను ఒళ్లో పెట్టుకుని కారు సీట్లో కూర్చుంది. కెరటాల యంత్రం నడిచినప్పుడల్లా అవతల ఒక్కసారిగా హోరుమని గోల లేచేది. ఆ గోల లేచినప్పుడల్లా ఆమె వేళ్లు నా అంచు మీద బిగుసుకునేవి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఊపిరి మాత్రం ముక్కులోంచి వేడిగా వచ్చింది.

కాసేపటికి లేచింది. నన్ను ఎత్తుకుని బస్సు నీడలోకి వెళ్లింది.

"అన్నా, పులిహోర తింటావా?"

బాషా కంగారుగా లేచి నిలబడ్డాడు. "మీకోసరం తెచ్చుకున్నది నాకేలక్కా?"

"మాకోసం కాదు. తిను. ఆ పక్క బస్సుల వాళ్లని కూడా పిలు."

నలుగురైదుగురు డ్రైవర్లు పోగయ్యారు. ఆమె అందరికీ తనే వడ్డించింది. పెరుగన్నం డబ్బా కూడా తెచ్చి ఖాళీ చేసింది. నా అడుగున అంటుకున్న మెతుకులతో సహా గరిటతో గీకి పెట్టింది. "బో బాగుండాదక్కా" అన్నాడు బాషా. వండినందుకు ఆ మాట ఆమెతో ఎవరైనా అనడం నా ఎరుకలో అదే మొదటిసారి.

తర్వాత ఖాళీ గిన్నెతో ఉన్న నన్ను బాషా గోనె మీద పెట్టింది. ఫోను కారు సీటు మీద వదిలేసింది. తలుపులు తాళం వేసింది. పర్సూ, నైలాన్ బట్టల సంచీ, కారు తాళం తీసుకుంది.

"అన్నా, మా వాళ్లు వస్తారు. నేను లోపలికి వెళ్లానని చెప్పు."

వెళ్లిపోయింది. టికెట్లమ్మే కిటికీ వైపు అంత వేగంగా నడిచే మనిషిని నేను ఆ రోజు మళ్లీ చూడలేదు.

మధ్యాహ్నం ఎండ నెత్తి మీదకి వచ్చాక తండ్రీ కొడుకులు తిండి కోసం బయటికి వచ్చారు. ప్రణవి రాలేదు. కారుకి తాళం. లోపల మనిషి లేదు. పానకాలరావు ఫోను చేస్తే సీటు మీద ఫోను వెలిగి, మోగి, ఆరిపోయింది. అద్దంలోంచి తన పేరు తనకే కనిపిస్తోంది. అప్పుడు బస్సు నీడలో నన్ను చూశాడు.

"ఇది మా కుక్కరు! నీ దగ్గరేందయ్యా? మా ఆవిడేది?"

"అక్క లోపలికి పాయె సార్. సెప్పమన్యాది."

"అన్నమేది?"

"తిన్యాము సార్. శానా బాగుండె."

పానకాలరావు దొంగలన్నాడు, పోలీసులన్నాడు. మిగతా డ్రైవర్లు కూడా లేచి నిలబడేసరికి గొంతు తగ్గించి గేటు వైపు పరుగెత్తాడు. కాసేపటికి మరింత ఎర్రటి మొహంతో తిరిగొచ్చాడు. ఒకసారి బయటికి వచ్చినవాళ్లని అదే టికెట్టు మీద మళ్లీ లోపలికి రానివ్వరట. ఇంకో టికెట్టు కొనడానికి మనసొప్పలేదు. "బుద్ధుండేది ఎవతైనా ఇట్టా చేసిద్దా?" అని కారు చక్రాన్ని తన్నాడు. చెప్పులోంచి జారిన వేలికి దెబ్బ తగిలి, కుంటుకుంటూ వచ్చి గోనె మీద కూలబడ్డాడు. కోటయ్య పక్కనే. ఆ ఎండలో, ఆ మైదానంలో, తాళం వేసిన సొంత కారు పక్కన. సాయంత్రం దాకా. బాషా ఇచ్చిన బిస్కెట్లు కోటయ్య నీళ్లలో ముంచుకుని తిన్నాడు.

నాకు జాలి వేయలేదు. వేసిందని చెబితే అబద్ధం.

పొద్దు వాలుతుండగా వకుళ వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది, నీళ్లు కారుతున్నాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లలో చాలాసేపు ఉన్నవాళ్ల కళ్లలా. వెనకాల ప్రణవి. ఆ పిల్ల కళ్లూ ఎర్రగానే ఉన్నాయి, కానీ అవి నీళ్లకి కాదు. లోపల తల్లీ కూతుళ్ల మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. ప్రణవి తల్లి తడి సంచీ తను మోసుకొస్తోంది. అది మాత్రం చూశాను.

"ఏందే నీ పొగరు?" పానకాలరావు లేచి మీదకి వెళ్లాడు. "నాయన పొద్దుటి నుంచి పస్తు. తెలుసా?"

"నాకు తెలుసండి." గొంతు పెంచలేదు. మొగుణ్ణి 'మీరు' అనడం కూడా మానలేదు. అందుకే వినడానికి భయం వేసింది. "మీ నాన్నగారికి ఆకలేస్తే నాకు తెలుస్తుంది. పప్పు పలుకైతే తెలుస్తుంది. మీకు కరెంటు ప్లగ్గు ఎక్కడుందో తెలుస్తుంది. నాకొక టికెట్టు కావాలని మాత్రం మీ ముగ్గుర్లో ఒక్కరికీ తెలియలేదు."

"అడిగితే తీసేవాణ్ణి గదా!"

"అడిగాను. ఇంట్లో, అందరి ముందూ అడిగాను. మీరు దిగు అన్నారు. అని మూడు తీశారు."

"ఏదో పొరపాటు..."

"పొరపాటు కాదండి. పొరపాటున నలుగురు ముగ్గురవరు. లాడ్జీలో అంతమంది ముందు నన్ను మాట విననిదాన్ని చేసి నవ్వించారే, అది కూడా పొరపాటేనా?"

బాషా అటు తిరిగి బస్సు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"నేను మీతో ఇక ఏ ఊరైనా వస్తాను" అంది వకుళ. "వండటానికి రాను. మావయ్య గారూ, మీకు కూడా చెబుతున్నాను. వినండి. రాను."

కోటయ్య తల ఎత్తలేదు. ఆమె కారు తాళం తీసి, ఎప్పుడూ మామగారు కూర్చునే ముందు సీట్లో కూర్చుంది. తడి జుట్టు సీటు మీద పరుచుకుంది. పానకాలరావు గోనె మీంచి నన్ను ఎత్తి, వెనక తలుపు తీశాడు.

"అది ఎక్కితే నేను దిగుతాను" అంది, వెనక్కి తిరగకుండానే.

అతను నన్ను పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లాం తడిసిన వీపు వైపు చూశాడు. తండ్రి వైపు చూశాడు. కూతురు వైపు చూశాడు. ప్రణవి వచ్చి అతని చేతుల్లోంచి నన్ను తీసుకుంది. వెళ్లి బాషా గోనె మీద పెట్టి, పరుగున వచ్చి తల్లి వెనక సీట్లో కూర్చుంది.

కారు వెళ్లిపోయింది. వకుళ నా వైపు చూడలేదు. చూస్తే నేనే బాధపడేదాన్ని.

ఆ ఇంట్లో తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. మనుషులు ఒక్క సాయంత్రానికి మారిపోతారని నేను నమ్మను. ఇప్పటికి పానకాలరావు కొట్లో కూర్చుని ఈ కథ తనకి అనుకూలంగా ఎన్నిసార్లు చెప్పుకుని ఉంటాడో ఊహించగలను. బాషా బస్సులో మాత్రం నేను చాలా ఊళ్లు తిరిగాను. తను వండుకున్నాడు, తను తిన్నాడు, తను కడిగాడు. అతనికి ఆకలేస్తే అతనే నా మూత తీశాడు. అంత మామూలు సంగతి చూడటానికి నాకు అన్నేళ్లు పట్టింది.

చివరికి కాయిల్ మాడిపోయింది. ఇప్పుడు కదిరిలో ఒక పాత సామాన్ల కొట్లో, విరిగిన ఫ్యాన్లకీ చిల్లుపడ్డ బిందెలకీ నడుమ కూర్చున్నాను. మూత ఎటో పోయింది. వచ్చే వారం లారీ వస్తుందట. నన్ను కరిగిస్తారట. కరిగించుకోండి. తలుపు గడియ చేయండి, కిటికీ చట్రం చేయండి, సైకిల్ గంట చేయండి, ఏదైనా సరే. గరిట మాత్రం చేయొద్దు.